స్వేచ్ఛా జాజ్‌సంగీతమునందలి బహుళము

శబ్దశాస్త్రము చదివి, బడిపిల్లలకు సంధులు సమాసములు చెప్పుకొని కాలము గడపినవాఁడొకఁడు దేశాంతరపు వాద్యసంగీతమును గూర్చి వ్రాయఁబూనుట యీ పత్రికను చదువువారికి వింతగాఁ దోఁపవచ్చును. నేను సంగీతవిద్వాంసుఁడను గాను. కచ్చేరిలో రాగమును పోల్చుకొని, తాళము తప్పక చేతితో వేయఁగలిగినంతటి పరిచయమే నాకుఁ గలదు. అయినను "ఇది సంగీతమా, వట్టి చప్పుడా?" యను ప్రశ్నయు, "ఈ ప్రయోగము సాధువా, అసాధువా?" యను ప్రశ్నయు నొక్క తల్లి బిడ్డలే యని నా నమ్మకము. రెంటికిని సమాధానము చెప్పువాఁడు తొందరపడుట సులభము. నేనట్టి తొందర రెండుమాఱులు పడితిని. ఒకమాఱు భద్రాచలారణ్యప్రాంతమున నొక పాఠశాలలో. మఱియొకమాఱు మా యింటి యరుఁగుమీఁద. రెండవ తప్పును దిద్దుకొనఁబోయి మొదటిదానిని తెలిసికొంటిని. కావున రెంటిని గలిపి విన్నవించెదను.

నా తమ్ముని కుమారుఁడు హైదరాబాదులో చదువుకొనుచున్న కాలమున నొక వేసవిలో మా యింటికి వచ్చి, తన చేతిఫోనులో నొక ధ్వనిముద్రికను పెట్టి, "పెదనాన్నా, ఇది విని ఎట్లున్నదో చెప్పండి" అనెను. అది 1963వ సంవత్సరము నవంబరుమాసమున డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగన్ నగరమున, జాజ్‌హుస్ మోన్‌మార్ట్ర యను సంగీతశాలలో సభికుల యెదుట వాయింపఁగా ముద్రింపఁబడినది. వాయించినవారు న్యూయార్క్ కంటెంపరరీ ఫైవ్ అను పేరుగల యైదుగురు. ఆ పేరునకు 'న్యూయార్కునందలి సమకాలికులైదుగురు' అని యర్థము చెప్పుకొనవచ్చును. సోనెట్ అను సంస్థ దానిని రెండు భాగములుగా వెలువరించినది. మూఁడు ఊఁదువాద్యములు ఒక్కసారిగా నొక పదునైన వరుసను వాయించి, అంతలోనే చెదరి, ఎవరిదారిని వారు పోయినట్లు నాకు వినఁబడెను. రెండు నిమిషములు విని, "ఇది అపశబ్దరాశి" యని ఫోనును తిరిగి యిచ్చివేసితిని. అతఁడు నవ్వి, "మీరు పిల్లల వ్యాసాలు దిద్దినట్లే దీన్నీ దిద్దారు" అనెను. ఆ మాట నన్ను చాలకాలము విడువలేదు.

విడువకుండుటకుఁ గారణము కలదు. అంతకుఁ బదునైదేండ్లు ముందు నేను గోదావరితీరమున నొక బడిలోఁ దెలుఁగు చెప్పుచుండఁగా, కోయబాలుఁడొకఁడు తమ జాతరను వర్ణించుచు "ఆడవాళ్లు వచ్చినవి" అని వ్రాసెను. నేను దానిని ఎఱ్ఱసిరాతోఁ గొట్టివేసి తరగతిలోఁ బైకిఁ జదివితిని. పిల్లలు నవ్విరి. నేనును నవ్వితిని. రెండుమాసములకు ఆ బాలుఁడు బడి మానెను. అందులకు నా యెఱ్ఱసిరాయే కారణమని చెప్పఁజాలను, కాదనియుఁ జెప్పఁజాలను. పిమ్మట ద్రావిడభాషాశాస్త్రగ్రంథములను చదువునపుడు నాకుఁ దెలిసినదేమనఁగా: తెలుఁగున నేకవచనమునందు స్త్రీవాచకము అమహద్వాచకముతోఁ గూడి యొక్క క్రియారూపమునే పొందును; ఆమె వచ్చినది, అది వచ్చినది. బహువచనమునం దట్లుగాక స్త్రీలు పురుషులతోఁ జేరుదురు, వారందఱును వచ్చిరి. గోండీవర్గమునకుఁ జేరిన కోయభాషలోనో, స్త్రీవాచకము బహువచనమునందును పురుషవాచకముతోఁ జేరక అమహత్తులతోనే నిలుచును. ఆ బాలుఁడు వ్యాకరణము లేక వ్రాసినవాఁడు గాఁడు. తన తల్లిభాష వ్యాకరణమును తెలుఁగులోనికిఁ దెచ్చినవాఁడు. తెలుఁగున నది దిద్దవలసిన రూపమే. కాని నియమ మెఱుఁగనివానిని దిద్దుట వేఱు, వేఱొక నియమము గలవానిని దిద్దుట వేఱు. రెండవవానిని ముందుగా నొక ప్రశ్న యడుగవలెను. నేను అడుగలేదు. ధ్వనిముద్రిక విషయమునను అడుగలేదు. కావున ఈమాఱు అడుగఁదలఁచితిని.

అడుగుటకు ముందు జాజ్ అనఁగానేమో కొంత తెలియవలెను. ఆఫ్రికాఖండమునుండి బానిసలుగాఁ గొనిపోఁబడినవారి సంతతి అమెరికాసంయుక్తరాష్ట్రములలో, విశేషించి న్యూఆర్లియన్సు నగరమున, ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో రూపొందించిన సంగీతమది. దాని సామాన్యప్రక్రియ యిట్టిది. మొదట అందఱుఁ గలసి యొక వరుసను వాయింతురు. దానిని మనము పల్లవి యందము. పిమ్మట నొక్కొక్కరు ఆ పల్లవి నాధారముగాఁ గొని మనోధర్మమున విస్తరింతురు. తుదను పల్లవి మఱల వచ్చును. నెరవులును కల్పనస్వరములును వినుట కలవాటుపడినవారికి ఇంతవఱకు వింత లేదు. వింతయైనది పల్లవిక్రింద నుండు కట్టుబాటు. కొన్ని స్వరములను ఒక్కసారి పలికించినచో నది యొక స్వరసంపుటి. అట్టి సంపుటులు, నాలుగేసి దెబ్బల ఖండములు పండ్రెండో ముప్పదిరెండో కలిగిన చక్రముగాఁ దిరుగుచుండును. సాధారణముగాఁ బియానో ఆ చక్రమును త్రిప్పును. విస్తరించువాఁడు ఏ ఖండమున నే సంపుటి వచ్చునో యెఱిఁగి, దానికిఁ దగిన స్వరముల నేఱుకొనును. పద్యమునకు గణములెట్టివో వానికి సంపుటులట్టివి. గణము తప్పినఁ బద్యము తప్పినట్లే.

టెక్సస్‌రాష్ట్రమునఁ బుట్టిన ఆర్నెట్ కోల్‌మన్ (1930–2015) అను సాక్సొఫోను విద్వాంసుఁడు 1959లో న్యూయార్కునందలి ఫైవ్ స్పాట్ అను శాలలోఁ బియానో లేని మేళముతో వాయించి, పల్లవిని నిలుపుకొని, సంపుటిచక్రమును విడిచెను. కొందఱు మెచ్చిరి; కొందఱు సంగీతము తెలియనివాఁడనిరి. 1960 డిసెంబరు 21న అతఁడు ఎనమండ్రను రెండు చతుష్కములుగాఁ గూర్చి దాదాపు ముప్పదియేడు నిమిషముల యేకరచనను ముద్రింపించెను. 1961లో వెలువడిన ఆ ముద్రికకు 'ఫ్రీ జాజ్' అని పేరు. స్వేచ్ఛా జాజ్ అను ప్రక్రియకుఁ దరువాత నదియే పేరయ్యెను. సంగీతము తెలియనివాఁడనిపించుకొన్న ఆ మహనీయుఁడే 2006లోఁ దన ముద్రిక కొకదానికి 'సౌండ్ గ్రామర్', అనఁగా శబ్దవ్యాకరణము, అని పేరు పెట్టెను. దానికి 2007లోఁ బులిట్జరు బహుమానము లభించెను. ఈ పేరు చదివిననాఁడు నేను కొంచెము సిగ్గుపడితిని. నేను అపశబ్దమన్నదానిని వారు వ్యాకరణమనుచున్నారు.

ఇఁక మన యైదుగురు. ఆర్చీ షెప్ ఫ్లారిడాలో 1937లోఁ బుట్టి, ఫిలడెల్ఫియాలోఁ బెరిగి, నాటకవిద్య నభ్యసించినవాఁడు; వాద్యము టెనర్ సాక్సొఫోను. జాన్ చికాయ్ (1936–2012) కోపెన్‌హేగనులోనే డేనిష్ తల్లికిని కాంగోదేశీయుఁడగు తండ్రికిని జన్మించినవాఁడు. వాద్యము ఆల్టో సాక్సొఫోను. 1962లో ఫిన్లండు రాజధాని హెల్సింకిలో జరిగిన ప్రపంచ యువజనోత్సవమున నతనికి షెప్‌తోఁ బరిచయము కలిగెను. డాన్ చెరీ (1936–1995) కోల్‌మన్ మేళములో నుండి వచ్చినవాఁడు. వాద్యము కార్నెట్టు, అనఁగాఁ బొట్టి బాకా. డాన్ మూర్ నిలువెత్తు ఫిడేలువంటి బేసును, జె. సి. మోజెస్ డ్రమ్ములను వాయించిరి. పియానో లేదు. ఈ మేళము 1963 వేసవిలో నేర్పడి యేఁడాది నిలువలేదు. సాక్సొఫోను మనకుఁ గ్రొత్త వాద్యము గాదు; కద్రి గోపాలనాథ్‌గారు (1949–2019) దానిని కర్ణాటకసంగీతమునకు వశము చేసిరి. అంతకుముందే ఫిడేలు అట్లే మనదైనది. కావున వాద్యము పరాయిదని చెవి మూసికొనుట తగదు.

ఈ మేళమునకు నాయకుఁడు లేఁడు. ముద్రికలో వినఁబడు రచనలు చెరీవి, చికాయ్‌వి, షెప్‌వి. కొన్ని మేళము వెలుపలివారగు కోల్‌మన్‌వి, థెలోనియస్ మంక్‌వి, బిల్ డిక్సన్‌వి. ఏ యొక్కరి రచనకును మిగిలినవారు పక్కవాద్యము గారు. దీని స్వరూపమును పండితులకు ఒక్కమాటలోఁ జెప్పవచ్చును: ఇది ఇతరేతరద్వంద్వము. తత్పురుషమున నుత్తరపదము ప్రధానము. పూర్వపదము దానికి విశేషణమై లొంగియుండును. మన కచ్చేరిలో గాయకుఁడు ప్రధానము, ఫిడేలు మృదంగములు అనుసరించునవి, అది తత్పురుషము. ద్వంద్వమునందో ప్రతిపదార్థమును ప్రధానమే. అందుచేతనే ఇతరేతరద్వంద్వము బహుత్వమును జూపును. తత్పురుషమును వినునట్లు ద్వంద్వమును వినువానికి "ప్రధాన మెవరు? తక్కినవా రేల యడ్డువచ్చుచున్నారు?" అని విసుగు పుట్టును. నాకు మొదట పుట్టిన విసుగు ఇదియే. ఈ ముద్రిక తరువాతికాలమున షెప్ పేరు ముందు పెట్టి, 'ఆర్చీ షెప్‌యు న్యూయార్క్ కంటెంపరరీ ఫైవ్‌యు' అను తెఱఁగునఁ గూడ వెలువడెను. వర్తకులు ద్వంద్వమును తత్పురుషముగా విగ్రహించిరనుకొనవలెను.

ఇప్పుడు రచనలలోనికిఁ బోవుదము. చెరీ రచనలలో నొకటి పేరు 'సిజమ్'. ఆంగ్లమున సంగీతమునకు వాచకమగు మ్యూజిక్ అను మాటయొక్క లిపిని తుదనుండి మొదటికిఁ జదివినచో నీ మాట వచ్చును. విలోమకావ్యములు చదివిన మనకు ఈ చమత్కారము వెంటనే పట్టుపడును. తలక్రిందులు చేసినను అక్షరములన్నియు నున్నవి, ఒక్కటియు పోలేదు. ఇట్టి రచనలలోఁ బల్లవి మిక్కిలి చిన్నది, వేగవంతమైనది. మూఁడు ఊఁదువాద్యములు దానిని గలసికట్టుగాఁ బలికి విడుతురు. తరువాత విస్తరణము. ఇందు పల్లవి పోయినదని నేను మొదట భ్రమించితిని. పోలేదు. సూత్రపాఠమున ఒక సూత్రమందలి పదము పై సూత్రములకు అనువర్తించును. అచ్చట నది కంటికిఁ గనఁబడదు, కాని దానిని గలుపుకొననిదే యర్థము పొసఁగదు. పల్లవిలోని యొక తునుక, ఒక యెత్తుగడ, ఒక విఱుపు విస్తరణమున నట్లే అనువర్తించుచుండును. అనువృత్తి నెఱుఁగక అష్టాధ్యాయిని నడుమ విప్పి చదివినవానికి ప్రతిసూత్రమును అసంపూర్ణవాక్యమే. పల్లవిని మనసులో నిలుపుకొనక విస్తరణమును వినువానికిని అంతే. కావున మొదటి యుపదేశము: పల్లవిని ముందుగా రెండు మూఁడుమాఱులు విని, నోట ననుకొనఁగలిగినంతవఱకు ముందుకు సాగరాదు.

రెండవది పియానో లేకపోవుట. వ్యాకరణమున లోపమనఁగా అభావము గాదు, అదర్శనము. ఉండవలసినది కనఁబడకపోవుట లోపము. ప్రత్యయము లోపించినను దానినిబట్టి కలుగవలసిన కార్యము కలుగును. ఈ ముద్రికలోనే కోల్‌మన్ రచించిన 'వెన్ విల్ ది బ్లూస్ లీవ్?' అను రచన కలదు. బ్లూస్ అనునది నల్లజాతివారి ప్రాచీనశోకగానరీతి. పండ్రెండు ఖండముల చక్రము దానికి లక్షణము. ఆ చక్రము పల్లవిలో నున్నది. దానిని గట్టిగాఁ ద్రిప్పుటకుఁ బియానో లేదు. విస్తరించువారు దాని హద్దులకు బద్ధులు గారు. అయినను పల్లవిలో నొకమాఱు పడిన చక్రము శ్రోత చెవిలోఁ దిరుగుచునే యుండును. వాయించువాఁడు దానిని దాఁటినపుడు దాఁటుట తెలియును, చేరినపుడు చేరుట తెలియును. లోపించిన ప్రత్యయము కార్యము చేయుచున్నది. పియానో యున్నచో ఈ దాఁటుటయు చేరుటయు ఇంత చెవినిఁబడవు.

మూఁడవదియు ముఖ్యమైనదియు స్వేచ్ఛ. స్వేచ్ఛ యనఁగా నియమరాహిత్యమని సామాన్యుల యూహ. పండితులకట్టి యూహ యుండఁగూడదు. ఏలననఁగా మనకు బహుళమను మాట కలదు. పాణిని ఛందోవిషయమునఁ బలుమాఱు దానిని వాడెను. చిన్నయసూరి 1858 నాఁటి బాలవ్యాకరణమున సంధికార్యములను నిత్యము, వైకల్పికము, బహుళము అని విభజించెను. బహుళమునకుఁ బూర్వులు నాలుగు విధములు చెప్పిరి: విధి యొకచోఁ బ్రవర్తించును, ఒకచోఁ బ్రవర్తింపదు, ఒకచో వికల్పముగా నుండును, ఒకచో మఱియొకటియే యగును. ఇది నియమము లేకపోవుట గాదు. ప్రయోగమును జూచి నియమమును దెలిసికొనుమనుట. ఈ యైదుగురి వాదనమున నాలుగు విధములును వినవచ్చును. తాళము సామాన్యముగాఁ బ్రవర్తించును. మోజెస్ దెబ్బ, మూర్ నడక దానిని బట్టియుండును. సంపుటిచక్రము చాలచోట్లఁ బ్రవర్తింపదు. ఒకరు విస్తరించునపుడు మిగిలినవారు మౌనముగా నుండుటయో నడుమ నొక పలుకు వేయుటయో వికల్పము. స్వరమే బొంగురై, ఊపిరియై, కేకయై మాఱుట మఱియొకటియే యగుట. చికాయ్ వాదనము పొడిగా, మితముగా, సూత్రకారుఁడు అక్షరమును మిగిల్చినట్లుండును. షెప్ నాదము రాత్రియంతయు కథ చెప్పి గొంతు రాచుకొనిపోయిన బుఱ్ఱకథకునివలె నుండును. చెరీ యెవరును వాక్యము ముగింపకముందే ప్రశ్న వేయు శిష్యునివంటివాఁడు. మహాభాష్యమున సిద్ధాంతియు, ఏకదేశియు, పూర్వపక్షియు మాటలాడుకొనునట్లు వీరు మాటలాడుకొందురు. ఏ వాక్యము ఎవరిదో పోల్చుకొన్నపిదప భాష్యము గందరగోళముగా నుండదు గదా.

ఈ విషయము నాకుఁ బుస్తకములవలనఁ దెలియలేదు. భద్రాచలమున నొక యుత్సవమునఁ గొమ్ముకోయల నృత్యము చూచినపుడు తెలిసినది. మగవారు అడవిదున్న కొమ్ములు గల తలపాగలు దాల్చి, నెమలియీఁకలు కట్టి, పెద్ద డోళ్లు భుజములకుఁ దగిలించుకొని యాడుదురు. ఆడువారు చేతులు గలుపుకొని వరుసగా అడుగులు వేయుదురు. ఏండ్లతరబడి నేను ఆ డోళ్లను దూరమునుండి విని, ఏదో మ్రోఁత యనుకొని నిద్రపోయినవాఁడనే. ఆనాఁడు దగ్గఱ నిలిచి చూడఁగా, ఒక డోలు నడక మాఱఁగానే తక్కినవి రెండు మూఁడు దెబ్బలలో మాఱుచుండెను. ఏ సంజ్ఞయు నాకుఁ గనఁబడలేదు. ఆట ముగిసినపిదప ఒక వృద్ధుని "నడక యెప్పుడు మార్చవలెనో మీకెట్లు తెలియును?" అని యడిగితిని. అతని మాటనే యుదాహరించుచున్నాను: "లెక్కేముంది సారూ, ఎదురుగున్నోడు కాలు మార్చంగనే నా చెయ్యి మారుద్ది." ఇందుకన్న సూక్ష్మమైన లక్షణవాక్యమును ఆ విషయమున నేను చదువలేదు. నేను నియమమును డోలులో వెదకితిని. నియమము ఎదుటివాని కాలిలో నున్నది. ఇంటికి వచ్చి ఆ కోపెన్‌హేగన్ ముద్రికను మఱల వింటిని. చెరీ యొక పలుకు విఱువఁగానే మోజెస్ దెబ్బ మాఱుట ఆనాఁడే నాకు మొదటిసారి వినఁబడినది.

మన యీ సీమయందు డోలు వట్టి మ్రోఁత గాదని లోకము గుర్తించుటకుఁ జాలకాలము పట్టినది. మణుగూరు ప్రాంతపు కూనవరమునకుఁ జెందిన సకిని రామచంద్రయ్యగారు కోయల గోత్రకథలను, సమ్మక్క సారలమ్మల కథను డోలుమీఁదఁ బాడి వినిపించిన కళాకారులు. 2022లో వారికిఁ బద్మశ్రీపురస్కారము లభించెను. 2024లో వారు దివంగతులైరి. 2014లో భద్రాచలము చుట్టునున్న కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకుఁ జేరి కోయపల్లెలు రెండు రాష్ట్రములలోఁ బడెను. పుస్తకములలోని యెల్లలు మాఱినవి గాని ఆ కథలకు ఎల్ల లేదు. గిడుగు రామమూర్తిగారు (1863–1940) సవరలయొద్దకుఁ బోయి వారి భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును సమకూర్చిరి. వాడుకభాషావాదమున వారితో నేకీభవింపని పండితులును ఆ పనిని గౌరవింపవలసినదే. ప్రశ్న యడిగినవారు వారు.

ఈ ముద్రికలో షెప్ రచించిన 'ది ఫ్యూనరల్' అనునది అంత్యేష్టికి సంబంధించినది. మెడ్గర్ ఎవర్స్ అను నల్లజాతినాయకుఁడు మిసిసిపీరాష్ట్రమున జాక్సన్ నగరమునఁ దన యింటిముందే 1963 జూన్ 12న కాల్చి చంపఁబడెను. షెప్ ఈ రచనను ఆతని కంకిత మొనర్చెను. హత్యకును ఈ ముద్రికకును నడుమ నైదుమాసములే. ఆ సంవత్సరము సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్ నగరమున నల్లజాతివారి ప్రార్థనాలయములో బాంబు ప్రేలి నలుగురు బాలికలు మృతినొందిరి. ఈ నేపథ్యమును దెలిసినవాఁడు ఆ వాదనమున నాదము బొంగురుపోవుటను దోషమనఁజాలఁడు. శోకమున గద్గదస్వరము సాత్త్వికభావమని మన ఆలంకారికులే చెప్పిరి. వైస్వర్యమును నాటకమున భావముగా నంగీకరించి, వాద్యమున నపస్వరమని త్రోసివేయుట న్యాయము గాదు. అంతకన్న ముఖ్యమైన దొకటి కలదు. ఎవరి మాటకు సభలోఁ జోటు లేదో వారి మాట మొదట వినువారికిఁ జప్పుడుగానే తోఁచును. అది వారి మాటలోని లోపము గాదు. మన చెవికిఁ గల యభ్యాసము.

ఇదంతయు విని కొందఱు పూర్వపక్షము చేయవచ్చును. నియమము లేనిచోట మీరే నియమమును గల్పించుచున్నారని యొకటి. దానికి సమాధానము ముద్రికయే. విస్తరణమున నెంతదూరము పోయినను మూఁడు ఊఁదువాద్యములు పల్లవికిఁ గలసి తిరిగివచ్చును. ఒకరి నొకరు వినుచుండనివారికి అట్లు వచ్చుట యసాధ్యము. నేర్చుకొనని వాఁడెవఁడైనను ఇట్లు వాయింపఁగలఁడు గదా యని రెండవది. ఇందులకు ఇదే ముద్రికలోని 'క్రెపస్క్యూల్ విత్ నెల్లీ' యను రచన సమాధానము. థెలోనియస్ మంక్ (1917–1982) తన భార్య నెల్లీ పేర దానిని రచించెను. అతఁడు దానిని మనోధర్మవిస్తరణమునకు విడువక, కూర్చిన వరుసనే వాయించెడివాఁడు. స్వేచ్ఛను గోరిన యీ యైదుగురు తమ ముద్రికలో నిట్టి రచనకుఁ జోటిచ్చిరి. బహుళమును బాగుగా నెఱిఁగినవానికే నిత్యమును గౌరవించుట తెలియును. 1965లో జాన్ కోల్ట్రేన్ 'అసెన్షన్' అను తన మహారచనకు షెప్‌ను చికాయ్‌ను పిలుచుకొనెను. నేర్వనివారిని అట్టివాఁడు పిలువఁడు.

ఇది నన్ను రంజింపదని మూఁడవ పూర్వపక్షము. దీనికి నేను సమాధానము చెప్పఁబోను. నాకును ఇందుఁ గొన్ని భాగములు దీర్ఘములుగాఁ దోఁచును. కొన్నిచోట్ల తాళమున నుండి విడివడుటకు వీరింకను సందేహించుచున్నట్లు తోఁచును. ఇది యా ప్రక్రియయొక్క తొలినాళ్లది. తొలినాళ్ల కావ్యములందుండు తడఁబాటు ఇందును గలదు. మఱియు నా యుపమానములకును హద్దు కలదు. శబ్దమున కర్థము గలదు, స్వరమున కట్టి వాచ్యార్థము లేదు. కావున వ్యాకరణమున సాధుత్వనిర్ణయము జరుగునట్లు సంగీతమున జరుగదు. వ్యాకరణము నాకు ఈ సంగీతమున కొక ద్వారమైనది, అంతమాత్రమే. నచ్చకపోవుట శ్రోత హక్కు. వినకముందే అపశబ్దమనుట మాత్రము హక్కు గాదు.

కుండ కావలసినవాఁడు కుమ్మరియింటికిఁ బోవును గాని, మాట కావలసినవాఁడు వైయాకరణునింటికిఁ బోఁడని పతంజలి చెప్పిన యభిప్రాయము మనకందఱికిఁ బరిచితమే. లక్ష్యము ముందు, లక్షణము తరువాత. బాలవ్యాకరణము వచ్చినపిదపను బహుజనపల్లి సీతారామాచార్యులవారు ప్రౌఢవ్యాకరణము రచించి, దానికి త్రిలింగలక్షణశేషమని పేరు పెట్టిరి. లక్షణమున కెప్పుడును శేషముండునని ఆ పేరే యొప్పుకొనుచున్నది. వినఁగోరువారికి నేను చెప్పఁదగిన విధానము స్వల్పము. మొదటిమాఱు పల్లవులను మాత్రము వినుఁడు. రెండవమాఱు బేసును డ్రమ్ములను మాత్రము వెంబడింపుఁడు. మూఁడవమాఱు ఒక్క వాద్యమును బట్టుకొని తుదివఱకు విడువకుఁడు. నాలుగవమాఱు ఎవరు ఎవరికి బదులు చెప్పుచున్నారో గమనింపుఁడు. అప్పటికిని నచ్చనిచో విడువుఁడు.

నా తరగతిలో నిప్పుడొక చిన్నమార్పు చేసితిని. కోయపిల్లల వ్యాసములలో వింతరూపము కనఁబడినచో, కొట్టివేయుటకు ముందు "మీ యింట దీనిని ఎట్లందురు?" అని ప్రక్కన వ్రాయుచున్నాను. వచ్చిన సమాధానములను ఒక పుస్తకమున నెక్కించుచున్నాను. ఇప్పటికి నలువదిపుటలు నిండినవి. ఆ పుస్తకపు మొదటిపుటలోని మొదటి యుదాహరణము, నేను నవ్విన ఆ బాలుని వాక్యము. పాఠశాలాపండితులు తమతమ గ్రామములలో నిట్టి పుస్తక మొకటి యుంచుదురేని భాషాశాస్త్రమునకును, అంతకన్న ముందు ఆ పిల్లలకును మేలు కలుగును. విజ్ఞులు పరిశీలింతురుగాక.